గేటు దాటినంక: విశ్వవిద్యాలయంలో వెలి పనిచేసే తీరు

విశ్వవిద్యాలయాల్లో దళితుల గురించి చర్చ వచ్చినప్పుడల్లా అది రిజర్వేషన్ దగ్గర మొదలై రిజర్వేషన్ దగ్గరే ఆగిపోతున్నది. సీట్లు ఎన్ని, నిండినయి ఎన్ని, మిగిలినయి ఎన్ని అన్న లెక్కలు అవసరమే. ఆ లెక్కల కోసం కొట్లాడినవాళ్లు లేకపోతే మన ఊర్ల నుంచి ఒక్కరు కూడా ఆ గేటు మొఖం చూసేవాళ్లు కాదు. కానీ సీటు దొరికిన పిల్ల గానీ పిల్లగాడు గానీ ఆ తర్వాత ఐదారేండ్లు అక్కడ ఎట్ల బతుకుతున్నరు, ఎందుకు కొందరు నడుమనే పెట్టె సదురుకొని ఇంటికొస్తున్నరు, ఎందుకు కొందరు ఇంటికి కూడా తిరిగి రాలేదు అన్న ప్రశ్నలకు సీట్ల లెక్క జవాబు చెప్పదు.

ఈ మధ్య పాలకవర్గాలు కొత్త మాటలు నేర్చుకున్నయి. వైవిధ్యం అంటున్నరు, అందరినీ కలుపుకుపోవడం అంటున్నరు. బయటి నుంచి తనిఖీ బృందం వచ్చినప్పుడు ఈ మాటలు గోడల మీదికి ఎక్కుతయి. కలుపుకునేది ఎవరు, కలువాల్సింది ఎవరు? ఇల్లు ఒకరిదైతేనే ఇంకొకరిని లోపలికి రానిచ్చే మాట పుడుతది. ప్రజల సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయం ఏ ఒక్క కులం ఇల్లూ కాదు. కాబట్టి మనం చూడాల్సింది దయగా కలుపుకుంటున్నరా లేదా అని కాదు. వెలి అనేది అక్కడ ఏ పద్ధతుల్లో నడుస్తున్నది, దాన్ని ఆపే సాధనాలు మన చేతిల ఏమున్నయి అన్నది చూడాలె.

1. సీటు వేరు, చోటు వేరు

దళితుల ఉన్నత విద్య కోసం రాజ్యం చేసిన ఏర్పాట్లు చిన్నవి కావు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే, అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉన్న కాలంలో మొదలైంది. చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు రాష్ట్రపు కాలేజీ సీట్ల కేటాయింపును కోర్టు కొట్టేస్తే, 1951లో మొదటి రాజ్యాంగ సవరణ చేసి 15(4) అధికరణాన్ని తెచ్చిన్రు. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాద్‌ల 1950లో అంబేడ్కర్ స్థాపించిన కాలేజీయే తర్వాత మిళింద్ కాలేజీగా పేరు పొందింది. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మన దగ్గర సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, 1984 నుంచి గురుకుల పాఠశాలలు వచ్చినయి.

వీటన్నిటి పుణ్యాన వాడ నుంచి విశ్వవిద్యాలయం దాకా సన్నటి బాట ఒకటి పడ్డది. బుగ్గారం, ధర్మపురి, కోరుట్ల పట్టీల మొదటిసారి డిగ్రీ మొఖం చూసిన తరం ఆ బాటన వచ్చినవాళ్లే. ఇండ్లల్ల తల్లులు బీడీలు చేసిన్రు, తండ్రులు దుబాయికో భీవండికో పోయిన్రు. పిల్లలు సంక్షేమ హాస్టల్ల చదివిన్రు.

అయితే సీటు చట్టం ఇస్తది. చోటు మాత్రం రోజూ అక్కడుండే మనుషులు, అక్కడి నియమాలు, అక్కడి అలవాట్లు కలిసి ఇయ్యాలె. అంబేడ్కర్ కొలంబియాలో చదువుకొని వచ్చి 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీల ప్రొఫెసర్‌గా చేరితే, తమ నీళ్లకుండ ఆయన ముట్టొద్దని తోటి అధ్యాపకులు అభ్యంతరం చెప్పిన్రు. ఉద్యోగపు ఉత్తర్వు ఆయన చేతిలనే ఉన్నది. కుండ మాత్రం ఆయనది కాలేదు. వందేండ్ల తర్వాత కూడా చిక్కు అక్కడనే ఉన్నది. కుండ రూపం మారింది, అంతే.

2. గొలుసు ఎట్ల బిగుస్తది

వెలి అంటే తిట్టడం, కొట్టడం అనుకుంటం. విశ్వవిద్యాలయంలో తిట్టు అరుదు. అక్కడ వెలి ఒక గొలుసు లెక్క పనిచేస్తది. ఒక్కొక్క లంకెను విడిగ చూస్తే మామూలు పరిపాలనా నియమమే అనిపిస్తది. కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తది.

మొదటి లంకె భాష. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ తెలుగుల చదివిన విద్యార్థి పరిశోధనకు వచ్చేసరికి పాఠం, పుస్తకం, సెమినార్ అన్నీ ఇంగ్లీషులనే. విషయం తెలిసి కూడా నోరు పెగలదు. ఆ మౌనానికి తెలివితక్కువతనం అని పేరు పెడతరు. ఇంట్ల ఇంగ్లీషు పత్రిక వచ్చే పిల్లగానికి పుట్టుకతో దక్కినదాన్ని ప్రతిభ అంటరు, మనం పదేండ్లు కష్టపడి సంపాయించుకునేదాన్ని లోటు అంటరు.

రెండో లంకె కోర్స్‌వర్క్. చేరిన మొదటి ఏడాదిల్నే ఈ పరీక్షలు ఉంటయి, అంటే భాష ఇంకా పట్టుబడని కాలంల. ఇండ్ల తప్పితే మూడో లంకె బిగుస్తది: గైడ్ దొరకడు. చాలా విభాగాల్ల గైడ్‌ను కేటాయించే పద్ధతి కాయితం మీద ఒక తీరుగ, నడకల ఒక తీరుగ ఉంటది. ఫలానా సార్ దగ్గర ఖాళీ ఉందో లేదో ముందే తెలిసేది ఆ సార్లతో చాయ తాగే దోస్తానా ఉన్నోళ్లకే. నాలుగో లంకె ఫెలోషిప్. గైడ్ సంతకం లేనిది ప్రగతి నివేదిక పోదు, నివేదిక పోనిది పైసలు రావు. ఐదో లంకె ఇల్లు. నెలనెలా ఇంటికి పైసలు పంపాల్సిన పిల్లగాడు ఇంటి నుంచే అడుగాల్సి వస్తది. అడుగలేక ఊకుంటడు. మెస్ బాకీ పెరుగుతది.

ఇది ఊహ కాదు. తమిళనాడులోని సేలం ప్రాంతం నుంచి, పందులు సాదే కులం నుంచి వచ్చిన సెంథిల్ కుమార్ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధనకు చేరి 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నడు. కోర్స్‌వర్క్ గట్టెక్కలేదు, గైడ్ దొరకలేదు, ఫెలోషిప్ కష్టమైంది. అన్ని లంకెలూ ఒక్క మనిషి మీద బిగిసినయి. ప్రొఫెసర్ వినోద్ పావరాల అధ్యక్షతన వేసిన కమిటీ ఆ మరణాన్ని పరిశీలించింది. 2013 నవంబరులో అదే విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర పరిశోధకుడు మాదారి వెంకటేశ్ చనిపోయినప్పుడు మళ్లీ గైడ్ సంగతే ముందుకొచ్చింది. ఐదేండ్ల తేడాతో అదే గొలుసు, అదే లంకె. అసుంటప్పుడు దాన్ని ఒక విద్యార్థి మనసు బలహీనత అనడం న్యాయమేనా?

ఎయిమ్స్‌ల ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక కూడా ఈ మాటే ఇంకో తీరుగ చెప్పింది. తమకు అధ్యాపకుల నుంచి తగిన సాయం అందడం లేదని దళిత, ఆదివాసీ విద్యార్థుల్లో 69 శాతం మంది అందులో చెప్పిన్రు. హాస్టల్లో వేరుచేయడం, ఆటల్లో కలువనియ్యకపోవడం గురించి కూడా చెప్పిన్రు. దేశంల అందరికన్న ఎక్కువ ప్రతిభ ఉన్నదని పేరున్న చోటి ముచ్చట ఇది.

ఫెలోషిప్ గురించి ఒక మాట. కలిగినోళ్ల పిల్లలకు అది చేతి ఖర్చు. మనకు అది జీతం, ఇంటికి పంపే కైకిలి. ఎస్సీ పరిశోధకులకు 2005–06 నుంచి రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ మొదలైనంకనే మన వాడల నుంచి పీహెచ్.డీల సంఖ్య పెరిగింది. నెట్ లేని పరిశోధకులకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చే 5,000, 8,000 రూపాయల ఫెలోషిప్‌ను ఆపేస్తమని 2015 అక్టోబరులో యూజీసీ అన్నప్పుడు, ఢిల్లీల యూజీసీ ఆఫీసు ముందర విద్యార్థులు రాత్రీపగలు కూసున్నది ఇందుకే. ఆలస్యం కూడా ఒక శిక్షే. ఏడు నెలలు పైసలు రాకున్నా నడిచే ఇల్లు ఏదో, నడువని ఇల్లు ఏదో చెప్పడానికి పెద్ద సర్వే అక్కర లేదు.

3. కంచం సంగతి

మెస్‌ల ఏం వండాలె అన్నది చిన్న ముచ్చట లెక్క కనిపిస్తది. కానీ విశ్వవిద్యాలయం ఎవరి ఇల్లు అన్నది కంచంల తేలుతది. శాకాహారం అందరి తిండి, మాంసం కొందరి అలవాటు, గొడ్డుమాంసం మాత్రం రెచ్చగొట్టుడు అనే లెక్క ఎవరు రాసిన్రు? 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాల దళిత, బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ చేసిన్రు. వ్యతిరేకించినోళ్లతో ఘర్షణ అయింది. ఆ తర్వాత పత్రికలల్ల చర్చ అంతా గొడవ మీదనే జరిగింది. ఆ విద్యార్థులు అడిగింది మాత్రం చిన్న మాట: మా అవ్వ వండిన కూరకు ఈ క్యాంపస్‌ల పేరు ఉందా లేదా?

4. శిక్ష ఎప్పుడు వెలి అవుతది

క్రమశిక్షణ అన్ని చోట్ల ఉంటది. కానీ శిక్షకు రూపం ఎక్కడి నుంచి తెస్తరో చూడాలె. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2002లో హాస్టల్ మెస్ వ్యవహారాల మీద మొదలైన గొడవల 10 మంది దళిత విద్యార్థులను బహిష్కరించిన్రు. 2015 డిసెంబరులో అక్కడనే అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన ఐదుగురు పరిశోధకులను హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన్రు. తరగతికి పోవచ్చు, కానీ హాస్టళ్లకు, పరిపాలనా భవనానికి, నలుగురు కూడే చోట్లకు గుంపుగ పోవద్దు, సంఘం ఎన్నికలల్ల నిలబడొద్దు అన్నరు. పని చెయ్యి గని ఊరు నడుమకు రాకు అన్న మాటకు, దీనికి తేడా ఎక్కడున్నది? ఆ ఐదుగురికి తేడా కనిపించలేదు. 2016 జనవరిలో బయట గుడారం ఏసుకొని, దానికి వెలివాడ అని పేరు పెట్టిన్రు. వాళ్లల్ల ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న చనిపోయిండు. ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు, తనకు రావాల్సి ఉన్నదని చివరి ఉత్తరంల రాసిపెట్టిండు.

ఆ తర్వాత రోహిత్ దళితుడా కాదా అన్నదాని మీద ఏండ్ల తరబడి వాదన నడిచింది. 2024 మే నెలలో పోలీసులు ఆయన ఎస్సీ కాదంటూ కేసు మూసేసే నివేదిక ఇచ్చిన్రు. నిరసన వస్తే మళ్లీ దర్యాప్తు చేస్తమన్నరు. సర్టిఫికెట్ మీద ఇంత వెతుకులాట జరిగింది. ఆ శిక్ష ఏ న్యాయసూత్రం మీద వేసిన్రు అన్నదాని మీద అందుల సగం వెతుకులాట కూడా జరగలేదు.

మా జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతానికి ఈ బహిష్కారం అనే మాట కొత్త కాదు. దొరల కాలంల బహిష్కారం పై నుంచి కిందికి వచ్చేది. 1978లో రైతుకూలీ సంఘాలు దాన్ని తిరగేసినయి. ఆ ఏడు సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఊర్లల్ల వెట్టి చెయ్యమన్న జనం దొరలనే సాంఘికంగా బహిష్కరించిన్రు. దొర ఇంటికి చాకలి పోలేదు, మంగలి పోలేదు, జీతగాడు పోలేదు. అక్టోబరుల ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగ ప్రకటించింది. గమనించాల్సింది ఏందంటే, దొరను జనం బహిష్కరిస్తే అది కల్లోలం అయింది. తరతరాలుగ మాల మాదిగలను ఊరు బహిష్కరించినప్పుడు మాత్రం ఏ తాలూకానూ కల్లోలిత ప్రాంతం అనలేదు. విశ్వవిద్యాలయం కూడా ఈ తక్కెడనే వాడుతది. దళిత విద్యార్థి నినాదం ఇస్తే అశాంతి, దళిత విద్యార్థిని వెళ్లగొడితే క్రమశిక్షణ.

5. కుర్చీల ఎవరున్నరు

విద్యార్థుల్లో దళితులు పెరిగిన్రు. పాఠం చెప్పే, గైడ్ చేసే, శిక్ష వేసే కుర్చీలల్ల ఎందరున్నరు? ఇక్కడ రోస్టర్ అనే లెక్క తెలుసుకోవాలె, ఎందుకంటే మోసం ఎప్పుడూ లెక్కలల్లనే దాక్కుంటది.

13 పాయింట్ల రోస్టర్ ప్రకారం నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి వస్తయి. మొత్తం విశ్వవిద్యాలయాన్ని ఒక యూనిట్‌గ తీసుకుంటే ఏడో పోస్టు తొందరగనే వస్తది. ఒక్కొక్క విభాగాన్ని ఒక యూనిట్‌గ తీసుకుంటే? ఆరు పోస్టులున్న విభాగంల ఏడో పోస్టు ఎన్నటికీ రాదు. రిజర్వేషన్ రద్దు చేయకుండనే రిజర్వేషన్ లేకుండ చేయొచ్చు. 2017లో అలహాబాద్ హైకోర్టు విభాగాన్నే యూనిట్‌గ తీసుకోవాలని తీర్పు ఇచ్చింది, 2018 మార్చిల యూజీసీ దాన్ని అమలు చేయమన్నది. దేశమంతా అధ్యాపకులు, విద్యార్థులు రోడ్డెక్కినంక 2019లో పార్లమెంటు చట్టం చేసి, కేంద్రీయ సంస్థలల్ల మళ్లీ మొత్తం సంస్థనే యూనిట్‌గ చేసింది. ఒక్క మాట మారితే ఎన్ని కుర్చీలు పోతయో, కొట్లాడితే ఎట్ల తిరిగొస్తయో ఈ రెండేండ్ల కథ చెప్తది. చట్టం వచ్చినంక కూడా తగిన అభ్యర్థి దొరకలేదు అని ఖాళీగ ఉంచే పద్ధతి పోలేదు. దాని మీద కన్నుంచాలె.

6. చేతిల ఉన్న చట్టాలు

యూజీసీ 2012లో సమత్వ నిబంధనలు తెచ్చింది. ప్రతి ఉన్నత విద్యాసంస్థల సమాన అవకాశాల విభాగం ఉండాలె, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలె, ఫిర్యాదు మీద 60 రోజులల్ల తేల్చాలె. వివక్ష అంటే ఏందో కూడా అందుల వివరంగ రాసిన్రు. తరగతిల రిజర్వుడు అని ముద్ర వేసి పిలువడం, కులం వల్లనే వెనుకబడ్డవని అనడం, ప్రయోగశాలల వేరుగ చూడటం, హాస్టల్ల మెస్‌ల వేరుచేయడం, ఫలితాలు, ఫెలోషిప్‌లు ఆపడం – ఇవన్నీ అందులకు వస్తయి. పైన చెప్పిన గొలుసుల చాలా లంకెలకు ఇక్కడ పేరున్నదన్నట్టు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలుకు వచ్చింది. విద్యాసంస్థలకు రాకుండ అడ్డుకోవడం, సాంఘిక బహిష్కారం విధించడం నేరాలని అది స్పష్టంగ చెప్పింది. తేదీ చూడండ్రి. రోహిత్ చనిపోయిన తొమ్మిది దినాలకు.

2012 నిబంధనలు కాయితం మీదనే ఉన్నయని, వాటిని అమలు చేయించాలని రోహిత్ తల్లి రాధిక వేముల, ముంబైల చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబెదా తడ్వీ 2019లో సుప్రీంకోర్టుకు పోయిన్రు. ఇద్దరు తల్లులు అడిగితే తప్ప కదలని వ్యవస్థ ఇది. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది, సమత్వ కమిటీలు పెట్టమన్నది, ఓబీసీలను కూడా వివక్ష నిర్వచనంల చేర్చింది. కొందరు దుర్వినియోగం అవుతదని గోల చేసిన్రు. అదే నెలల సుప్రీంకోర్టు వాటిని నిలిపేసి, 2012 నిబంధనలే నడవాలన్నది. అంటే ఆ ఉత్తర్వు చెప్పింది కూడా ఒకటే: కనీసం 2012వి అమలు కావాలె. మరి అవుతున్నయా?

7. మన లోపలి మాట

క్యాంపస్‌ల వెలి గురించి మాట్లాడేటప్పుడు మన లోపలి గోడల గురించి ఊకుండటం సరికాదు. 1994లో మాదిగ దండోరా లేవదీసిన ప్రశ్న ఇదే: దళితుల పేరుతో వచ్చిన సీటు దళితుల్ల ఎవరి దాకా పోయింది? 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ 59 ఎస్సీ కులాలను మూడు గుంపులు చేసి 1, 9, 5 శాతాల లెక్కన అమలు మొదలుపెట్టింది. ఆ 1 శాతం ద్వారా రేపు డక్కలి, మాష్టి ఇండ్ల పిల్లలు వస్తే, మన సంఘాల గదిల వాళ్లకు కుర్చీ ఉంటదా? వాళ్లకు గైడ్ దొరుకకపోతే మనం ఎంత గట్టిగ అడుగుతం?

దళిత ఆడపిల్లల సంగతీ ఇంతే. హాస్టల్ గేటు మూసే వేళ వాళ్ల గ్రంథాలయాన్ని కూడా మూస్తది. ప్రయోగశాల రాత్రి నడిచే విభాగాల్ల ఇది మార్కుల మీద పడుతది. ఫిర్యాదు చేసే చోట కులం చెప్తే ఆడతనం మరుస్తరు, ఆడతనం చెప్తే కులం మరుస్తరు. మన సంఘాల నాయకత్వంల ఎందరు ఆడపిల్లలున్నరన్నది కూడా లెక్కపెట్టుకోవాల్సిన సంఖ్యే.

8. ఏం అడుగాలె, ఎక్కడ అడుగాలె

ఇదంతా హైదరాబాద్ ముచ్చట అనుకోవద్దు. క్యాంపస్‌లు ఇప్పుడు మన దగ్గరికే వచ్చినయి. నాచుపల్లిల జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నది, పొలాసల వ్యవసాయ కాలేజీ ఉన్నది, కోరుట్లల పశువైద్య కాలేజీ ఉన్నది, కరీంనగర్‌ల శాతవాహన విశ్వవిద్యాలయం ఉన్నది. ఏదో జరిగినంక కొవ్వొత్తులు పట్టుకునుడు కన్న, ఏమీ జరగకముందే అన్ని చోట్ల అడుగాల్సిన మాటలు కొన్ని ఉన్నయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో ఎవరైనా అడుగొచ్చు.

సమాన అవకాశాల విభాగం ఉన్నదా? వివక్ష వ్యతిరేక అధికారి ఎవరు, ఆ పేరు నోటీసు బోర్డు మీద ఉన్నదా? గడిచిన మూడేండ్లల్ల ఎన్ని ఫిర్యాదులు వచ్చినయి, ఎన్ని 60 రోజులల్ల తేలినయి? ఒక్క ఫిర్యాదూ రాలేదంటే సంతోషపడొద్దు, చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేదన్న మాట. మధ్యల మానేసినోళ్లు కులాల వారీగ ఎందరు? స్కాలర్‌షిప్ ఎన్ని నెలల బాకీ ఉన్నది? ఫీజు బాకీ పేరు మీద ఎందరి సర్టిఫికెట్లు ఆపిన్రు? రోస్టర్ రిజిస్టర్ చూపిస్తరా? విద్యార్థిని శిక్షించే కమిటీల ఎస్సీ, ఎస్టీ సభ్యులున్నరా, విద్యార్థి మాట విన్నంకనే శిక్ష వేస్తున్నరా?

అధ్యాపక మిత్రులు చేయగలిగినవి వేరే ఉన్నయి. మొదటి ఏడాది కోర్స్‌వర్క్‌తో పాటు భాషకు, పరిశోధనా రచనకు అదనపు తరగతులు పెట్టొచ్చు. అవి ఎస్సీ పిల్లలకు మాత్రమే అని పెడితే మళ్లీ ముద్రే అవుతది, అందరికీ పెట్టాలె. గైడ్ కేటాయింపు నియమాలను, ఎవరి దగ్గర ఎన్ని ఖాళీలున్నయో దాన్ని గోడ మీద అంటించాలె. తెలుగుల ఆలోచించి తెలుగుల ప్రశ్న అడిగే విద్యార్థిని అడగనియ్యాలె.

విద్యార్థి సంఘాలు చేయాల్సింది అన్నిటికన్న సులువైంది, అన్నిటికన్న ముఖ్యమైంది. కొత్తగ వచ్చినోళ్లను మొదటి వారంల్నే కలువాలె. మెస్ బాకీ ఎవరికున్నదో, గైడ్ ఎవరికి దొరకలేదో, గదిల నుంచి ఎవరు బయటికి వస్తలేరో తెలుసుకోవాలె. గొలుసు ఐదు లంకెలు బిగిసినంక విప్పుడు కష్టం. మొదటి లంకె దగ్గర నలుగురు కలిసి పట్టుకుంటే అది బిగుసదు. 1993లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ పేరు మీద పుట్టిన విద్యార్థి సంఘం నిలబడ్డది ఇసుంటి పని మీదనే.

విశ్వవిద్యాలయం మన తల్లుల బీడీల మీద, మన తండ్రుల చెమట మీద వేసిన పన్నుతో కూడా నడుస్తున్నది. అందుల మన పిల్లలు అతిథులు కారు. కాబట్టి కలుపుకోండ్రి అని బతిమాలే భాష మనకొద్దు. నియమం చూపెట్టండ్రి, లెక్క చెప్పండ్రి, 60 రోజులల్ల జవాబియ్యండ్రి అని అడిగే భాష కావాలె.